అపరాల నూర్పిడి యంత్రాల పనితీరు పరీక్ష: గంటకు ఎన్ని క్వింటాళ్లు అన్నదొక్కటే కొలమానం కాదు

(ప్రత్యేక వ్యాసం)

కంది, శనగ, మినుము, పెసర వంటి అపరాల నూర్పిడికి మోటారుతో నడిచే యంత్రాల వినియోగం తెలుగు రాష్ట్రాల్లో విస్తరిస్తూ వస్తున్న విషయం విదితమే. యంత్రం కొనుగోలు చేసే రైతు గానీ, దానిని అద్దెకు తెచ్చుకునే రైతు గానీ మొట్టమొదట అడిగే ప్రశ్న గంటకు ఎన్ని క్వింటాళ్లు నూరుస్తుందన్నదే. తయారీదారుల ప్రచార పత్రాలలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె కూడా అదే. అయితే గుర్తింపు పొందిన సంస్థలు నిర్వహించే పనితీరు పరీక్షలో ఈ అంకె అనేక అంశాలలో ఒకటి మాత్రమే. రైతుకు చివరికి మిగిలే ఆదాయం నివేదికలోని ఇతర అంకెలపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. రాయితీ జాబితాలను పరిశీలించే అధికారులు, ఈ విషయాలపై వార్తలు రాసే పాత్రికేయులు ఆ అంకెల అర్థం తెలుసుకొనడం అవసరం.

కల్లం నుంచి యంత్రానికి

అపరాలను కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఆరబెట్టి కర్రలతో కొట్టడం, పశువులతో తొక్కించడం, రాతి రోలు తిప్పడం, పిమ్మట గాలికి తూర్పారబట్టడం తరతరాలుగా వస్తున్న పద్ధతులు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత కల్లంలో పరచిన పంటపై వాటి చక్రాలను తిప్పడం సాధారణమైంది. కల్లం లేని చోట తారురోడ్డే కల్లమైంది. వాహనాలు తొక్కితే గింజ రాలుతుందన్న ఉద్దేశంతో రోడ్డుపై పరచిన కంది కట్టె, మినప కట్టెపై ద్విచక్ర వాహనాలు జారి ప్రమాదాలకు గురవుతున్న విషయం పోలీసు, రవాణా శాఖల అధికారులకు కొత్త కాదు. ఈ పద్ధతిలో గింజలో మట్టి, రాళ్లు కలుస్తాయి. కొనుగోలు కేంద్రాలలో కందికి నిర్దేశించిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఇతర పదార్థాలు 2 శాతానికి, తేమ 12 శాతానికి మించరాదు. రోడ్డుపై నూర్చిన సరుకు ఈ పరీక్షలో నిలవాలంటే మళ్లీ జల్లెడ పట్టక తప్పదు.

శనగ విషయంలో యంత్రీకరణ మరో దారిలోనూ సాగింది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ఎన్‌బీఈజీ 47 రకం నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది కనుక కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైను యంత్రానికి అనువుగా ఉంటుంది. విస్తారంగా సాగైన జేజీ 11 వంటి రకాలు పొట్టిగా, గుబురుగా నేలకు దగ్గరగా ఉంటాయి. వాటిని చేతితో కోసి, కుప్ప వేసి, నూర్పిడి యంత్రానికి అందించడమే పరిపాటి. కంది విషయంలోనూ, చిన్న కమతాల విషయంలోనూ విడి నూర్పిడి యంత్రం అవసరం తీరిపోలేదు.

అపరాల గింజ స్వభావం

నూర్పిడి యంత్రాలలో అధిక భాగం తొలుత గోధుమ, వరి వంటి తృణధాన్యాలను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. భారతీయ ప్రమాణాల సంస్థ జారీ చేసిన ఐఎస్ 6284 పరీక్షా నియమావళి కూడా ధాన్యపు నూర్పిడి యంత్రాలకు ఉద్దేశించినదే. అపరాల గింజ నిర్మాణం వీటికి భిన్నమైనది. కంది, శనగ, మినుము గింజలలో రెండు బద్దలు ఉంటాయి. వాటిని పైపొర ఒక్కటే పట్టి ఉంచుతుంది. గట్టి దెబ్బ తగిలితే గింజ అడ్డంగా విరగదు, బద్దలుగా విడిపోతుంది. పప్పు మిల్లులో కావలసిన గుణమే కల్లంలో నష్టంగా పరిణమిస్తుంది.

కాయ, కట్టె స్వభావాలలో సైతం పంటకూ పంటకూ తేడా ఉంది. పెసర, మినుము కాయలు బాగా ఎండితే తాకగానే పగిలి గింజ రాలిపోతుంది. కంది కట్టె ముదిరి కర్రలా గట్టిపడుతుంది. దానిని మొత్తంగా యంత్రంలోకి తోస్తే శక్తిలో అధిక భాగం కట్టెను నలగగొట్టడానికే ఖర్చవుతుంది. అంతేగాక కంది కట్టె రైతుకు వంటచెరకు, దడికి, తట్టలకు పనికివచ్చే వస్తువు. శనగ ఆకు, కాయలపై ఉండే పుల్లని ఆమ్లపు పొర నూర్పిడి సమయంలో ధూళితో కలిసి కళ్లకు, చర్మానికి మంట కలిగిస్తుంది. ఈ కారణంగానే ఒక యంత్రాన్ని వరిపై పరీక్షించి ఇచ్చిన నివేదిక కందికి గానీ శనగకు గానీ వర్తించదు. ‘బహుళ పంటల నూర్పిడి యంత్రం’ అన్న పేరు ఉన్నంత మాత్రాన అది అన్ని పంటలపైనా పరీక్షకు నిలిచిందని అర్థం కాదు. నివేదికలో ఏ పంట పేరు ఉన్నదో ముందుగా చూడవలసి ఉంటుంది.

పరీక్ష జరిగే తీరు

కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో దేశంలో 4 వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీ, హర్యానాలోని హిస్సార్, అస్సాంలోని విశ్వనాథ్ చారాలీతో పాటు దక్షిణాది ప్రాంతానికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో సంస్థ ఏర్పాటైంది. 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం మార్గదర్శకాలు రాయితీపై అందించే పరికరాలకు గుర్తింపు పొందిన సంస్థ పరీక్ష తప్పనిసరిగా ఉండాలని నిర్దేశించాయి. తద్వారా పరీక్షా నివేదిక ప్రభుత్వ ధన వినియోగానికి సంబంధించిన పత్రం కూడా అయింది.

పరీక్షకు వచ్చిన యంత్రాన్ని మొదట కొలుస్తారు. తయారీదారు ప్రకటించిన డ్రమ్ము పొడవు, వ్యాసం, దానిపై అమర్చిన పళ్ల సంఖ్య, జల్లెడ రంధ్రాల పరిమాణం, పుల్లీల వ్యాసం, మోటారు సామర్థ్యం వాస్తవంగా ఉన్నవేనా అన్నది సరిచూస్తారు. పిమ్మట పంట వేయకుండా యంత్రాన్ని నడిపి, ఖాళీగా తిరిగినప్పుడు అయ్యే విద్యుత్తును, కంపనాన్ని, బేరింగుల వేడిని నమోదు చేస్తారు.

అసలు పరీక్షకు ముందు పంట వివరాలను నమోదు చేయడం అత్యంత ముఖ్యమైన దశ. రకం పేరు, కోసిన తరువాత ఎన్ని రోజులు ఆరినది, కట్టె సగటు పొడవు, గింజలో తేమ, కట్టెలో తేమ, గింజకూ మిగిలిన పదార్థానికీ గల నిష్పత్తి నివేదికకు ఎక్కాలి. తేమను తెలుసుకొనడానికి నమూనాను తూకం వేసి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూకం వేస్తారు. పొలంలో వాడే తేమ మీటరు అప్పటికప్పుడు లెక్క చెబుతుంది గానీ, ఓవెన్ లెక్కతో సరిపోల్చి సరిచేసుకోని మీటరు అంకెను పరీక్షలో ప్రమాణంగా తీసుకోవడం సముచితం కాదు.

తరువాత తూకం వేసిన పంటను నిర్ణీత వేగంతో యంత్రానికి అందిస్తారు. యంత్రం నిలకడగా నడుస్తున్న స్థితికి చేరిన తరువాత, గింజ వచ్చే ద్వారం, పొట్టు ఎగిరిపడే ద్వారం, జల్లెడ పైనుంచి జారిపడే చోటు, జల్లెడ కింది భాగం, ఈ అన్నింటి వద్ద ఒకే సమయంలో, ఒకే వ్యవధిలో నమూనాలు సేకరిస్తారు. పొట్టు ద్వారం ఎదుట పెద్ద పట్టా పరచడం, సంచి కట్టడం ఈ పనిలో భాగం. ఇక్కడ అలసత్వం జరిగితే గాలికి ఎగిరిపోయిన గింజ లెక్కకు రాదు, యంత్రం లేని మంచి పేరు తెచ్చుకుంటుంది. సేకరించిన నమూనాలలోని పూర్తి గింజలను, పగిలిన గింజలను, కాయలోనే మిగిలిపోయిన గింజలను, చెత్తను చేతితో వేరుచేసి తూకం వేయడం ఓపికతో కూడిన పని. ఒక్కో పరిస్థితిలో పరీక్షను కనీసం మూడుసార్లు పునరావృతం చేయడం ఆనవాయితీ. మూడు వేగాలు, మూడు తేమ స్థాయిలు తీసుకుంటే 27 పర్యాయాలు యంత్రాన్ని నడపవలసి వస్తుంది.

నష్టం ఏయే దారుల్లో జరుగుతుంది

ఉదాహరణకు ఒక యంత్రంలో గంట వ్యవధిలో ప్రవేశించిన పంటలో మొత్తం 300 కిలోల గింజ ఉన్నదనుకుందాం. ప్రధాన ద్వారం నుంచి 285 కిలోల పూర్తి గింజ వచ్చింది. 6 కిలోలు పగిలాయి. 4.5 కిలోలు నూరుకాక కాయలోనే ఉండిపోయాయి. 3 కిలోలు పొట్టుతో పాటు ఎగిరిపోయాయి. 1.5 కిలోలు జల్లెడ మీదుగా జారిపోయాయి. పగులు 2 శాతం, నూరని గింజ 1.5 శాతం, ఎగిరిన గింజ 1 శాతం, జల్లెడ నష్టం 0.5 శాతం, వెరసి మొత్తం నష్టం 5 శాతం. నూరని గింజ శాతాన్ని 100 నుంచి తీసివేస్తే వచ్చే 98.5 శాతమే నూర్పిడి సామర్థ్యం. ప్రధాన ద్వారం నుంచి వచ్చిన సరుకులో శుభ్రమైన గింజ ఎంత శాతమో తెలిపేది శుభ్రపరచే సామర్థ్యం.

ఈ నాలుగు నష్టాలను కలిపి ఒకే అంకెగా చూపడం నివేదికకు సౌలభ్యమే గానీ, రైతు దృష్టిలో అవి సమానం కావు. జల్లెడ మీదుగా జారిన గింజను పట్టా పరచి ఏరుకోవచ్చు. నూరని కాయలను మళ్లీ యంత్రంలో వేయవచ్చు. పొట్టుతో ఎగిరిపోయిన గింజ పశువుల మేతలో కలిసిపోతుంది. పగిలిన గింజ తిరిగి అతకదు, తక్కువ ధరకు పోతుంది, నిల్వలో పురుగు మొదట దానినే పడుతుంది. మొత్తం నష్టం 5 శాతంగా ఉన్న రెండు యంత్రాలలో ఒకదానిలో పగులు 1 శాతం, మరొకదానిలో 4 శాతం అయితే రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

వేగం, నష్టం మధ్య ఉన్న సంబంధం మరొక ఊహాత్మక లెక్కతో స్పష్టమవుతుంది. ఒక యంత్రం గంటకు 4 క్వింటాళ్లు నూరుస్తూ 6 శాతం నష్టం కలిగిస్తోంది. మరొకటి గంటకు 3 క్వింటాళ్లే నూరుస్తుంది, నష్టం 2.5 శాతం. 12 క్వింటాళ్ల కంది ఉన్న రైతుకు మొదటి యంత్రంతో పని 3 గంటల్లో, రెండవ దానితో 4 గంటల్లో పూర్తవుతుంది. మొదటి దానిలో 72 కిలోలు, రెండవ దానిలో 30 కిలోలు నష్టం. తేడా 42 కిలోలు. 2025-26 ఖరీఫ్ పంట కాలానికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కంది కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయల చొప్పున, ఆ 42 కిలోలనూ పూర్తి నష్టంగానే తీసుకుంటే, 3,360 రూపాయలు. అంటే గంట సమయం ఆదా కోసం రైతు చెల్లించిన మూల్యం అది. అద్దె గంటల లెక్కన కడుతున్నందున ఆ గంట మాత్రమే రైతుకు కనిపిస్తుంది. గాలికి పోయిన గింజకు ఎవరూ రసీదు ఇవ్వరు.

సామర్థ్యం అంకె విషయంలో మరో జాగ్రత్త అవసరం. కొన్ని ప్రచార పత్రాలలో కనిపించే సామర్థ్యం గింజ లెక్క కాదు, యంత్రంలోకి వెళ్లే మొత్తం పంట లెక్క. గింజ ఒక వంతు, కట్టె, పొట్టు రెండు వంతులు ఉన్న పంటలో గంటకు 9 క్వింటాళ్ల పంటను మింగే యంత్రం నుంచి బయటికి వచ్చే గింజ 3 క్వింటాళ్లే. ప్రకటించిన సామర్థ్యం దేనికి సంబంధించినదన్నది అడగనిదే రెండు యంత్రాలను పోల్చరాదు.

డ్రమ్ము వేగం, తేమ

పగులు, నూరని గింజ అనే రెండు నష్టాలు త్రాసులోని రెండు తట్టల వంటివి. ఒకదానిని తగ్గించబోతే మరొకటి పెరుగుతుంది. ఈ రెండింటినీ నియంత్రించేవి ముఖ్యంగా మూడు అంశాలు: డ్రమ్ము అంచు వేగం, డ్రమ్ముకూ దాని దిగువన ఒంపుగా అమర్చిన ఇనుప కమ్మీల జల్లెడకూ మధ్యనున్న ఎడం, గింజలోని తేమ. సాంకేతిక నిపుణులు ఆ కమ్మీల జల్లెడను కాంకేవ్ అంటారు.

డ్రమ్ము నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదన్న అంకె ఒక్కటే చాలదు. గింజకు తగిలే దెబ్బ డ్రమ్ము అంచు వేగంపై ఆధారపడుతుంది. 50 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము నిమిషానికి 500 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు సుమారు 13 మీటర్లు. అదే డ్రమ్ము 700 చుట్లు తిరిగితే 18 మీటర్లు దాటుతుంది. గోధుమ నూర్పిడిలో సెకనుకు 25 మీటర్లు, అంతకు పైబడిన వేగాలు వాడుకలో ఉన్నాయి. అపరాలకు అందులో సగమో, అంతకన్నా తక్కువో సరిపోతుంది. గోధుమకు అమర్చిన పుల్లీతోనే శనగ నూర్చబోతే కల్లంలోనే పప్పు తయారవుతుంది. పంట మారినప్పుడల్లా పుల్లీ మార్చవలసి ఉన్నా, యంత్రంతో పాటు ఇచ్చిన అదనపు పుల్లీ సంచిలోనే ఉండిపోవడం క్షేత్రస్థాయిలో తరచు కనిపించే లోపం.

తేమ ప్రభావం ఇంకా సూక్ష్మమైనది. తేమ ఎక్కువగా ఉన్న కాయ తోలులా సాగుతుంది, పగలదు. నూరని గింజ పెరుగుతుంది, మెత్తని గింజ నలుగుతుంది. మరీ ఎండిన గింజ పెళుసెక్కి స్వల్పమైన దెబ్బకే బద్దలవుతుంది. పుష్య, మాఘ మాసాలలో కంది నూర్పిడి జరిగే ప్రాంతాలలో ఉదయం మంచు తడితో ఉన్న కట్టె మధ్యాహ్నానికి ఎండి పెళపెళలాడుతుంది. అందువల్ల ఉదయం 8 గంటలకూ, మధ్యాహ్నం 2 గంటలకూ ఒకే కుప్పపై, ఒకే వేగంతో చేసిన పరీక్షలు వేర్వేరు ఫలితాలు ఇవ్వగలవు. తేమ శాతం పేర్కొనని నివేదికలో పగులు ఎంత తక్కువగా చూపినా దానిని నమ్మకంగా ఉటంకించడానికి వీలుండదు. మంచి నివేదిక ఒకే ఒక్క ఉత్తమ ఫలితాన్ని కాక, వేగం, తేమ మారుతున్నకొద్దీ నష్టం ఎలా మారుతున్నదో పట్టికగా చూపుతుంది. రైతుకు పనికివచ్చేది ఆ పట్టికే. ఎందుకంటే కల్లంలో తేమ ఆయన చెప్పినట్టు ఉండదు.

పంట అందించే వేగం కూడా ఫలితాన్ని మారుస్తుంది. తొట్టిలో పంట ఒత్తుగా పడితే కట్టె ఒకదానికొకటి అడ్డుపడి గింజకు దెబ్బ తగ్గుతుంది, పగులు తగ్గినా నూరని కాయ పెరుగుతుంది, మోటారుపై భారం ఎక్కువవుతుంది. పలుచగా పడితే యంత్రం ఖాళీగా తిరిగి విద్యుత్తు వృథా అవుతుంది. అనుభవం ఉన్న మనిషి చేతి వాటం ఇక్కడ యంత్రమంత విలువైనది.

విత్తనానికి వాడేటప్పుడు

తిండి గింజకు సరిపోయే యంత్రం విత్తనానికి సరిపోకపోవచ్చు. కంటికి పూర్తిగా కనిపించే గింజలో పైపొర కింద సన్నని చీలిక ఉంటే అది మొలకెత్తకపోవచ్చు, లేదా బలహీనమైన మొక్కగా రావచ్చు. భారత కనీస విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం కనీస మొలక శాతం శనగకు 85, కంది, మినుము, పెసరలకు 75. అందుచేత విత్తనోత్పత్తి క్షేత్రాలలో వాడదలచిన యంత్రానికి తూకంతో పాటు మొలక పరీక్ష కూడా జరపడం ఆవశ్యకం. చేతితో నూర్చిన గింజను, యంత్రంతో నూర్చిన గింజను పక్కపక్కన మొలకెత్తించి పోల్చినప్పుడే యంత్రం వల్ల వచ్చిన తేడా ఎంతో తెలుస్తుంది.

చీలికను త్వరగా గుర్తించేందుకు విత్తన పరీక్షా కేంద్రాలలో ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని వాడతారు. అందులో నానబెట్టిన గింజలకు పైపొర దెబ్బతిన్న చోట నిమిషాల వ్యవధిలో నల్లని మచ్చలు ఏర్పడతాయి. లేత రంగు గింజలలో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. మినుములో సహజంగానే పొట్టు నలుపు కనుక ఈ పద్ధతి ఉపకరించదు.

మోటారు, విద్యుత్తు

విద్యుత్ మోటారుతో నడిచే యంత్రం పరీక్షలో ఎనర్జీ మీటరు, చుట్లు కొలిచే టాకోమీటరు తప్పనిసరి పరికరాలు. సాధారణంగా వాడే నాలుగు ధ్రువాల మోటారు భారంపై నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. మోటారుకు 125 మిల్లీమీటర్ల పుల్లీ, డ్రమ్ముకు 360 మిల్లీమీటర్ల పుల్లీ ఉంటే డ్రమ్ము వేగం 500 చుట్లకు దిగుతుంది. అయితే బెల్టు వదులైతే జారిపోయి కాగితంపై ఉన్న వేగం డ్రమ్ముకు అందదు. అందుకే వేగాన్ని మోటారు వద్ద కాక డ్రమ్ము ఇరుసు వద్ద, పంట పడుతున్న సమయంలో కొలవాలి.

పరీక్షా సంస్థలో సరఫరా నిలకడగా ఉంటుంది. పల్లెలో చివరి ట్రాన్స్‌ఫార్మరు కింద అలా ఉండకపోవచ్చు. ఈ రకం మోటారు తిప్పుబలం వోల్టేజీ వర్గానికి అనులోమంగా మారుతుంది. 415 వోల్టులు ఉండవలసిన చోట 332 వోల్టులే అందితే, అనగా 80 శాతానికి పడిపోతే, తిప్పుబలం 64 శాతానికి తగ్గుతుంది. అప్పుడు కంది కట్టె కాస్త ఒత్తుగా పడినా డ్రమ్ము నెమ్మదిస్తుంది, కాయలు నూరుకాకుండానే బయటపడతాయి, మోటారు చుట్టలు వేడెక్కుతాయి. తక్కువ వోల్టేజీ పరిస్థితిలోనూ యంత్రాన్ని నడిపి చూసిన పరీక్ష గ్రామాలకు ఎక్కువ ఉపయోగకరం. విద్యుత్తు ఖర్చును గంటకు యూనిట్లుగా కాక క్వింటాలుకు యూనిట్లుగా చూపడం మేలు. గంటకు 3 యూనిట్లు తీసుకొని 3 క్వింటాళ్లు నూర్చే యంత్రానికి క్వింటాలుకు అయ్యేది ఒక యూనిట్టే. డీజిలు ఇంజనుతో నడిపినప్పుడు క్వింటాలుకు ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఇదే విధంగా నమోదు కావాలి.

తొట్టి పొడవు: ప్రాణాలకు సంబంధించిన అంశం

హరిత విప్లవం తరువాత ఉత్తరాది రాష్ట్రాలలో నూర్పిడి యంత్రాలు వేగంగా వ్యాపించిన కాలంలో చేతులు, వేళ్లు కోల్పోయిన కూలీల సంఖ్య ఆందోళన కలిగించే స్థాయికి చేరింది. దాని పర్యవసానంగానే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. అది అదే సంవత్సరం డిసెంబరు 14న అమలులోకి వచ్చింది. ఈ చట్టం పరిధిలోకి వచ్చే యంత్రంగా శక్తితో నడిచే నూర్పిడి యంత్రాన్ని ప్రత్యేకంగా పేర్కొనడం గమనార్హం. ప్రమాదంలో మరణించిన లేదా గాయపడిన వారికి నష్టపరిహారం చెల్లించే బాధ్యతను సైతం చట్టం నిర్దేశించింది.

ప్రమాదాలలో అధిక భాగం పంట అందించే తొట్టి వద్దనే జరుగుతాయి. కట్ట చివరను లోపలికి నెట్టే ప్రయత్నంలో చేయి పళ్లకు చిక్కుతుంది. దీని నివారణకు ఐఎస్ 9020 భద్రతా ప్రమాణం తొట్టి పొడవు కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలని, అందులో డ్రమ్ము వైపు కనీసం 450 మిల్లీమీటర్ల మేర పైకప్పు ఉండాలని నిర్దేశించింది. లెక్క సరళమైనది: నిలబడిన మనిషి చేయి చాచినా పళ్ల వరకు చేరరాదు. కానీ పొడవైన తొట్టికి రేకు ఎక్కువ పడుతుంది, పంట అందించడం కొంత నెమ్మదిస్తుంది. అందుకే స్థానికంగా తయారయ్యే యంత్రాలలో తొట్టి కురచవడం, పరీక్షకు పంపిన యంత్రానికి ఉన్న పైకప్పు అమ్మకానికి వచ్చిన యంత్రానికి లేకపోవడం వంటివి తనిఖీలలో ముందుగా చూడవలసిన అంశాలు. టేపు ఒకటి చేతిలో ఉంటే ఈ పరిశీలనకు నిమిషం పట్టదు.

కంది, శనగ నూర్పిడిలో పంట అందించేది ఎక్కువగా మహిళా కూలీలే. చీర కొంగు, తలపాగా, వదులు చేతుల చొక్కా బెల్టుకు చిక్కే వస్తువులు. బెల్టులు, పుల్లీలకు ఇనుప వలతో కప్పు ఉన్నదా, మోటారును వెంటనే ఆపే స్విచ్చు పంట అందించే వ్యక్తికి అందుబాటులో ఉన్నదా అన్నవి పరీక్షలో భాగం. కరెంటు రాత్రిపూట ఇచ్చే ప్రాంతాలలో దీపం వెలుగు చాలక, నిద్రమత్తులో పనిచేసే పరిస్థితి ఉంటుంది. అటువంటి చోట కప్పు లేని యంత్రాన్ని అద్దెకు ఇవ్వడం చట్టరీత్యానే కాక ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

నివేదిక చదివేటప్పుడు

మండల స్థాయిలో యంత్రాల ఎంపికకు కూర్చునే అధికారుల ముందు పదుల సంఖ్యలో నివేదికలు ఉంటాయి. వాటిలో తొలి పుటలోని సామర్థ్యం అంకె కంటే ముందు పరీక్షించిన పంట పేరు, రకం, గింజ తేమ, డ్రమ్ము అంచు వేగం చూడడం మంచిది. ఇవి తమ ప్రాంతపు పంటకు, తమ నూర్పిడి కాలానికి దగ్గరగా ఉన్నప్పుడే మిగిలిన అంకెలు పనికివస్తాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన నేపథ్యంలో, అటువంటి సరుకులో పగులు 1 శాతం పెరిగినా అది కేవలం తూకం నష్టం కాదు, పేరుకు వచ్చే మచ్చ కూడా. ఇక కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వరి కోసిన మాగాణుల్లో వేసే మినుము ప్రశ్న వేరు. అక్కడ కాయ ఎండి పగిలిపోకముందే తక్కువ రోజుల్లో నూర్పిడి పూర్తి కావాలి కనుక సామర్థ్యానికి ప్రాధాన్యం కొంత ఎక్కువ ఇవ్వవచ్చు.

నివేదిక చివరి భాగంలో దీర్ఘకాలం నడిపినప్పుడు అరిగిన, విరిగిన భాగాల వివరాలు ఉంటాయి. చాలామంది అక్కడి దాకా చదవరు. డ్రమ్ము పళ్లు ఎంత అరిగాయి, బోల్టులు ఎన్నిసార్లు బిగించవలసి వచ్చింది, బేరింగు మార్చారా అన్నవి అందులో తెలుస్తాయి. పళ్లు అరిగేకొద్దీ డ్రమ్ముకూ కమ్మీల జల్లెడకూ మధ్య ఎడం పెరుగుతుంది, తొలి ఏడాది 98 శాతం ఉన్న నూర్పిడి సామర్థ్యం మూడో ఏడాది అలాగే ఉంటుందని ఆశించలేము. అద్దె కేంద్రాలలోని యంత్రాలకు ప్రతి నూర్పిడి కాలానికి ముందు ఎడం కొలిచి సరిచేయించడం ఈ కారణంగానే అవసరమవుతోంది. ఆ ఎడం ఎంత ఉండాలి, ఏ పంటకు ఏ పుల్లీ వేయాలి అన్న వివరాలు యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. అది తెలుగులో ఉన్నదా, పంటలవారీగా వేగాల పట్టిక యంత్రం ఒంటిపై చెరగని రంగుతో రాసి ఉన్నదా అన్నవి కూడా కొనుగోలుకు ముందే పరిశీలించవలసిన అంశాలు.